నెల ఖర్చు, పెరుగుదల, భద్రత: మూడింటికీ ఈటీఎఫ్‌లు వెతుక్కున్న నా అనుభవం

2024 మే నెలాఖరుకి స్వచ్ఛంద పదవీ విరమణ డబ్బు ఖాతాలో పడింది. ఇంటి అప్పు తీర్చేసి, ఆపద్ధర్మానికి కొంత ఎఫ్‌డీలో వేశాక 40 లక్షలు మిగిలాయి. పింఛను వస్తుంది కానీ ఖర్చులకి నెలకి 15 వేలు తక్కువ పడుతుంది. కాబట్టి ఈ 40 లక్షల్లోంచి ఆ 15 వేలూ రావాలి, మిగతాది ధరలతో పాటు పెరుగుతూ ఉండాలి, మార్కెట్ పడినప్పుడు నాకు నిద్ర పట్టాలి. ఈ మూడూ ఈటీఎఫ్‌లతోనే (షేర్లనో, బాండ్లనో, బంగారాన్నో కట్టగా పెట్టుకుని, షేరులాగే స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో కొని అమ్మగలిగే ఫండ్లు) చేద్దామని ముందే అనుకున్నాను, ఎందుకంటే మధ్యలో కమీషన్ తీసుకునే ఏజెంట్లు ఉండరు, ఏం కొన్నామో కళ్ల ముందు కనిపిస్తుంది, ఖర్చు తక్కువ. ఏవి కొనాలి, ఎంతెంత కొనాలి అన్నది మాత్రం అనుకున్నంత తొందరగా తేలలేదు. నాకు ఏడాదిన్నర దాకా పట్టింది. ఆ క్రమం అంతా రాస్తున్నాను, నాలాంటి లెక్కలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని.

డబ్బు పడిన మూడో రోజు నుంచే బ్యాంకు నుంచి ఫోన్లు. "సార్, మీ ఖాతాలో అంత మొత్తం ఊరికే ఉంది, ఒక మంచి ప్లాన్ ఉంది." ఆ మంచి ప్లాన్ ఏమిటో వివరాలు పంపమంటే పంపింది ఒక బీమా పథకం, ఐదేళ్లు కదలడానికి లేదు. వద్దన్నాను. ఆ తర్వాత కూడా రెండు మూడు వారాలు ఫోన్లు ఆగలేదు.

ఇంకా ఏమీ కొనకుండానే జూన్ 4 వచ్చింది, ఎన్నికల ఫలితాల రోజు. 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ ఆ ఒక్క రోజే దాదాపు 6 శాతం పడింది. నా డబ్బు ఒక్క రూపాయి కూడా అందులో లేదు, అయినా టీవీ ముందు కూర్చుని చెమటలు పట్టాయి. మూడు రోజులు తిరిగేసరికి, జూన్ 7కి, మార్కెట్ పడిన చోటుకి మళ్లీ వచ్చేసి ఇంకొంచెం పైన ముగిసింది. సలహాదారులు ఇచ్చే రిస్క్ ప్రశ్నాపత్రాలు నింపడం కంటే ఆ మూడు రోజులే నా గురించి నాకు ఎక్కువ చెప్పాయి. మొత్తం డబ్బు షేర్ల ఈటీఎఫ్‌లో పెడితే నేను తట్టుకోలేను. సగం లోపైతే తట్టుకుంటానేమో అనిపించింది.

డీమ్యాట్ ఖాతా (కొన్న షేర్లు, ఈటీఎఫ్ యూనిట్లు ఉండే ఖాతా) తెరవడం రెండు రోజుల పని. ఆధార్, పాన్, ఫోన్ కెమెరాలో మొహం చూపించడం, ఒక కాగితం మీద సంతకం ఫొటో, అంతే. డీడీపీఐ అనే పత్రానికి మాత్రం వారం పైన పట్టింది. అది ఇస్తే మనం అమ్మినప్పుడల్లా వాటిని భద్రపరిచే సంస్థ (డిపాజిటరీ) నుంచి టీపిన్ అనే రహస్య సంఖ్య, ఓటీపీ అక్కర్లేకుండా యూనిట్లు వెళ్తాయి. దానికి స్టాంపు ఖర్చు, చిల్లర కలిపి వంద రూపాయలకి కొంచెం పైన అయింది. నా సంతకం పాన్ కార్డు మీదున్న పాత సంతకంతో కలవలేదని ఒకసారి తిప్పి పంపారు కూడా. నామినీ పేరు అప్పుడే పెట్టేయండి, తర్వాత చూద్దాంలే అనుకుంటే అది అలాగే ఉండిపోతుంది.

అసలు వెతుకులాట నెల ఖర్చు దగ్గర మొదలైంది. పేరులో "డివిడెండ్" (కంపెనీ తన లాభంలోంచి వాటాదార్లకి పంచే డబ్బు) అని ఉన్న ఈటీఎఫ్ కొంటే మూడు నెలలకోసారైనా డబ్బు పడుతుందని ఎవరైనా అనుకుంటారు కదా. నిఫ్టీ డివిడెండ్ ఆపర్చునిటీస్ 50 సూచీని అనుసరించే ఈటీఎఫ్ ఉంది, ఎక్కువ డివిడెండ్ ఇచ్చే కంపెనీల సూచీ అది. వివరాలు చదివితే తేలింది ఏమిటంటే, ఆ కంపెనీలు ఇచ్చే డివిడెండు ఫండ్‌లోకి వస్తుంది, ఫండ్ దాన్ని మళ్లీ ఆ షేర్లలోనే పెడుతుంది. మన బ్యాంకు ఖాతాకి ఏమీ రాదు, యూనిట్ విలువలో కలిసిపోతుంది. మన దేశంలో ఈటీఎఫ్‌లు దాదాపు అన్నీ ఇంతే. 2014లో మొదలైన సీపీఎస్‌ఈ ఈటీఎఫ్ లాంటివి ఒకటీ అరా అప్పుడప్పుడు డివిడెండ్ ప్రకటిస్తాయి, కానీ ఎప్పుడు ఇస్తారో ఎంత ఇస్తారో మాట లేదు, పైగా అందులో ఉన్నవి ఓ పది పదకొండు ప్రభుత్వ రంగ కంపెనీలు, ఎక్కువ భాగం కరెంటు, చమురు, బొగ్గు. నెల ఖర్చుకి దాని మీద ఆధారపడితే, ఆ రంగం పడిన ఏడాది ఖర్చూ పడుతుంది, అసలూ పడుతుంది. నిఫ్టీ మొత్తానికి చూసుకున్నా డివిడెండ్ రాబడి ఒకటిన్నర శాతం కూడా ఉండదు. 40 లక్షల మీద అది ఏడాదికి 60 వేలు కూడా కాదు, నాకు కావాల్సింది లక్షా ఎనభై వేలు. ఆ పైన 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మన ఆదాయంలో కలిపి స్లాబు ప్రకారం పన్ను కట్టాలి.

ఈ సంగతి తెలిశాక నాలుగైదు రోజులు చాలా నిరుత్సాహంగా ఉండింది. ఎఫ్‌డీ వడ్డీ తీసుకుని హాయిగా కూర్చోక ఇదంతా ఎందుకు అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు అప్పటికి.

అప్పుడే అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు అక్కడి ఈటీఎఫ్‌ల జాబితా ఒకటి పంపాడు. "బాబాయ్, ఇక్కడ అందరూ ఇవే కొంటారు. పెరగడానికి వీఓఓ, డివిడెండ్‌కి ఎస్‌సీహెచ్‌డీ, నెలనెలా కావాలంటే జేఈపీఐ. మూడూ కొనేయండి, మీ పని అయిపోయింది." వాడు చెప్పింది వాడికి సరిపోతుంది. ఎస్‌సీహెచ్‌డీ మూడు నెలలకోసారి, జేఈపీఐ నెలనెలా నిజంగానే పంచుతాయి. నేను ఇక్కడ నుంచి కొనాలంటే లెక్క వేరు. ఆర్‌బీఐ అనుమతి ప్రకారం ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కానీ, అప్పటి రూల్ ప్రకారం 7 లక్షల రూపాయలు దాటిన మొత్తానికి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకునేది, అది రిటర్ను వేశాక తిరిగొస్తుందనుకోండి, అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. డివిడెండ్ మీద అమెరికా ముందే 25 శాతం కోస్తుంది, దాన్ని ఇక్కడి పన్నులో సర్దుకోవడానికి వేరే ఫారం. అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకొకటి: అక్కడి పౌరులూ, అక్కడ స్థిరపడినవాళ్లూ కానివాళ్లు పోయేనాటికి 60 వేల డాలర్లు దాటిన అమెరికా ఆస్తులు ఉంటే అక్కడి వారసత్వ పన్ను పడే అవకాశం ఉంది. మా ఆవిడ నెత్తిన ఆ పని పెట్టడం నాకు ఇష్టం లేదు.

సరే, ఇక్కడే దొరికే నాస్‌డాక్ 100 (అమెరికా నాస్‌డాక్ ఎక్స్‌చేంజ్‌లోని వంద పెద్ద కంపెనీల సూచీ) ఈటీఎఫ్ చూద్దామనుకున్నాను. ఇక్కడే ఐఎన్‌ఏవీ అనేదాన్ని మొదటిసారి సరిగ్గా పట్టించుకున్నాను. ఈటీఎఫ్‌లో ఉన్న షేర్ల అసలు విలువ యూనిట్‌కి ఎంతో మార్కెట్ నడుస్తున్నంతసేపూ ఫండ్ సంస్థ చూపిస్తుంది, అదే ఐఎన్‌ఏవీ. మనం కొనే ధర దానికి దగ్గరగా ఉండాలి. ఈ నాస్‌డాక్ ఈటీఎఫ్‌కి ధర ఐఎన్‌ఏవీ కంటే బాగా పైన నడుస్తోంది. కారణం ఏమిటంటే, మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టడానికి 7 బిలియన్ డాలర్లు, విదేశీ ఈటీఎఫ్‌లకి విడిగా 1 బిలియన్ అని పరిమితి ఉంది, అవి నిండిపోవడంతో కొత్త యూనిట్లు పుట్టడం లేదు, ఉన్నవాటి కోసం జనం ఎగబడుతున్నారు. 100 రూపాయల సరుకుకి అంతకంటే ఎక్కువ ఇచ్చి కొంటే, రేపు ఆ పరిమితి పెంచిన రోజు ఆ తేడా అంతా గాలిలో కలిసిపోతుంది. వదిలేశాను. వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తే "బాబాయ్, నాస్‌డాక్ చూశారా ఎంత పెరిగిందో" అంటాడు. చూశాను నాయనా.

జూన్ చివరికి ఒక విషయం స్పష్టమైంది. నెలనెలా డబ్బు పంపే ఈటీఎఫ్ కోసం వెతకడం మానెయ్యాలి. నాకు కావాల్సిన డబ్బుని నేనే యూనిట్లు అమ్మి తీసుకోవాలి, ఆ అమ్మేది మార్కెట్ పడినా పడని వస్తువు అయ్యుండాలి. ఈ మాట అనుకున్నాక మిగతా లెక్క తేలిగ్గా కుదిరింది. రెండేళ్ల ఖర్చుకి సరిపడా, 4 లక్షలు, లిక్విడ్ ఈటీఎఫ్‌లో (అతి తక్కువ రోజుల అప్పుల్లో డబ్బు పెట్టేది, విలువ పెద్దగా ఊగదు). దాని వెనక 14 లక్షలు భారత్ బాండ్ ఈటీఎఫ్‌లలో. 16 లక్షలు షేర్ల ఈటీఎఫ్‌లలో. 6 లక్షలు బంగారం ఈటీఎఫ్‌లో.

లిక్విడ్ ఈటీఎఫ్‌లో ఒక తిరకాసు ఉంది. పాత రకం వాటిలో యూనిట్ ధర 1000 రూపాయల దగ్గరే ఉంటుంది, రోజువారీ వచ్చే రాబడిని కొత్త యూనిట్లుగా ఇస్తారు, 0.182, 0.095 ఇలా ముక్కలుగా. ఎక్స్‌చేంజ్‌లో ముక్క యూనిట్ అమ్మడం కుదరదు, పూర్తి యూనిట్ అయ్యేదాకా ఆగాల్సిందే. పైగా ఆ రోజువారీ రాబడి డివిడెండ్ కింద లెక్క. కొత్తగా గ్రోత్ రకం లిక్విడ్ ఈటీఎఫ్‌లు వచ్చాయి, వాటిలో యూనిట్ ధరే రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది, అమ్మినప్పుడే పన్ను. నేను రెండో రకం తీసుకున్నాను. ఏది కొన్నా కొనే ముందు బ్రోకరేజీ చూడండి, లిక్విడ్ ఈటీఎఫ్ మీద వచ్చేదే తక్కువ, అందులో బ్రోకరేజీ పోతే మిగిలేది సున్నా.

భారత్ బాండ్ సంగతి. 2019 డిసెంబరులో మొదటిది వచ్చింది, ప్రభుత్వ రంగ సంస్థల ఏఏఏ రేటింగ్ (అన్నిటికంటే పై రేటింగ్) బాండ్లు, ఫలానా నెలలో కాలం తీరుతుందని ముందే రాసి ఉంటుంది. ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. ఇదీ నెలనెలా ఏమీ ఇవ్వదు, వడ్డీ లోపలే చేరి విలువ పెరుగుతుంది. నేను 2030 ఏప్రిల్‌ది 8 లక్షలకి, 2033 ఏప్రిల్‌ది 6 లక్షలకి తీసుకున్నాను. అప్పటికి ఏడాదికి 7 శాతం పైచిలుకు రాబడి కనిపించింది. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న వాటికి పాత ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు లాభాన్ని తగ్గించి పన్ను వేసే పద్ధతి) వెసులుబాటు లేదు, ఎన్నేళ్లు ఉంచినా లాభం మీద స్లాబు పన్నే. అయినా ఎఫ్‌డీలా ఏటా వడ్డీ మీద కట్టక్కర్లేదు, అమ్మిన ఏడాదే కట్టాలి. మా ఆవిడ ప్రశ్నకి నాకు దొరికిన మొదటి జవాబు ఇదే.

కొనడం మాత్రం ఓపిక పని. ఉదయం 9:15కి మార్కెట్ తెరవగానే చూస్తే కొనేవాడి ధరకీ అమ్మేవాడి ధరకీ ఇంతింత ఎడం. ప్రభుత్వ బాండ్ల ఈటీఎఫ్ ఒకటి చూశాను, అందులో అమ్మేవాడు అడిగేది ఐఎన్‌ఏవీ కంటే దాదాపు ఒక శాతం ఎక్కువ, ఏడాదికి 7 శాతం ఇచ్చే వస్తువు మీద అంటే నెలన్నర పైన రాబడి కొన్న రోజే పోయినట్టు. ప్రతి ఈటీఎఫ్‌కీ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లు (కొనే ధర, అమ్మే ధర ఎప్పుడూ చూపిస్తూ ఉండే సంస్థలు) ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022లో చెప్పింది, ఉన్నారు కూడా, కానీ పొద్దున్నే వాళ్ల ధరలు కుదురుకోవు. పదకొండు దాటాక మెరుగు. ఐఎన్‌ఏవీ చూసుకుని, ఆ ధర దగ్గర లిమిట్ ఆర్డర్ (ఈ ధర దాటితే కొనొద్దు అని చెప్పే ఆర్డర్) పెట్టి, రాకపోతే మర్నాడు మళ్లీ పెట్టి, ఇలా బాండ్ల భాగం పూర్తవడానికి జూలై మొదటి పక్షం అంతా పట్టింది. ఉన్న ధరకి వెంటనే కొనేసే మార్కెట్ ఆర్డర్ మీట చిన్న ఈటీఎఫ్‌ల మీద అస్సలు నొక్కకండి, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తాను.

బంగారం మొదటి విడత 2 లక్షలకి జూలై 18న కొన్నాను. భద్రత కోసం కొన్న వస్తువు కదా, దాని గురించి టెన్షన్ ఉండదనుకున్నాను. జూలై 23న బడ్జెట్. బంగారం మీద దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ రోజు ప్రపంచంలో ఎక్కడా బంగారానికి ఏమీ కాలేదు, ఇక్కడ మాత్రం మధ్యాహ్నానికి ధర పడిపోయింది, రెండు మూడు రోజుల్లో నా 2 లక్షల మీద 12 వేల పైన పోయింది. షేర్ల కోసం భయపడుతూ కూర్చుంటే దెబ్బ బంగారం వైపు నుంచి తగిలింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే ప్రసంగంలో షేర్ల ఈటీఎఫ్‌ల దీర్ఘకాలిక లాభం మీద పన్ను 10 నుంచి 12.5 శాతానికి, ఏడాది లోపు అమ్మితే 15 నుంచి 20కి పెరిగింది, మినహాయింపు లక్ష నుంచి లక్షా పాతిక వేలకి పెరిగింది. నోట్‌బుక్కులో రాసుకున్న లెక్కలన్నీ ఆ రాత్రి మళ్లీ వేసుకున్నాను. బంగారం రెండో విడత ఆగస్టు మొదట్లో తక్కువ ధరకే దొరికింది, మూడోది నవంబరులో.

షేర్ల వైపు ఎంపిక తేలికే అనుకున్నాను, నిఫ్టీ 50 ఈటీఎఫ్ అంటే ఎవరిదైనా అవే 50 కంపెనీలు. అన్నింటికీ ఖర్చు 0.04, 0.05 శాతం అటూ ఇటూ. మరి ఏది? నేను ముందు పెద్ద ఫండ్ చూశాను, ఎక్కువ డబ్బు ఉన్నది మంచిదని. తర్వాత అర్థమైంది, అన్నింటికంటే పెద్ద నిఫ్టీ ఈటీఎఫ్ అంత పెద్దది కావడానికి కారణం అందులో ఈపీఎఫ్ఓ డబ్బు ఉండటం. 2015 నుంచి పీఎఫ్ డబ్బులో కొంత ఈటీఎఫ్‌లలో పెడుతున్నారు. ఆ డబ్బు రోజూ ఎక్స్‌చేంజ్‌లో అమ్మడం కొనడం చెయ్యదు. మనకి కావాల్సింది రోజూ ఎంత చేతులు మారుతోందో, కొనుగోలు అమ్మకం ధరల మధ్య ఎడం ఎన్ని పైసలో. ఆ లెక్కన 2001 డిసెంబరులో మన దేశంలో మొట్టమొదటి ఈటీఎఫ్‌గా వచ్చిన నిఫ్టీ బీస్ నాకు నచ్చింది. దానికి 12 లక్షలు, నెక్స్ట్ 50 (నిఫ్టీ తర్వాతి 50 కంపెనీలు) ఈటీఎఫ్‌కి 4 లక్షలు అనుకున్నాను. లో వోలటిలిటీ 30 ఈటీఎఫ్ కూడా చాలా రోజులు పరిశీలించాను, తక్కువ ఊగే షేర్లు, పేరు వింటేనే ప్రాణం లేచొస్తుంది. కానీ అవీ షేర్లే. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్క రోజులో 13 శాతం పడినప్పుడు తప్పించుకున్న షేర్ల ఈటీఎఫ్ ఏదీ లేదు. కొంచెం తక్కువ పడే వస్తువుని భద్రత అని పిలవడం నాకు ఒప్పలేదు, నా భద్రత బాండ్లు, లిక్విడ్ దగ్గరే ఉంది.

ఆగస్టు నుంచి నెలకి 2 లక్షల చొప్పున కొనడం మొదలుపెట్టాను, మిగతా డబ్బు లిక్విడ్‌లో ఆగుతుంది, ప్రతి నెలా కొంత అమ్మి నిఫ్టీ కొంటాను. సెప్టెంబరు 26న నిఫ్టీ 26,216 దగ్గర ముగిసింది, అప్పటికి అదే రికార్డు. అందరూ ఒకేసారి పెట్టేయాల్సిందన్నారు. ఆ మాట అన్నవాళ్లు ఆ తర్వాత అయిదు నెలలు ఫోన్ చెయ్యలేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలనెలా పడింది, వరుసగా అయిదు నెలలు పడటం 1996 తర్వాత అదే మొదలట. 2025 మార్చి 4కి 22,082. నెక్స్ట్ 50 ఇంకా ఎక్కువ పడింది. నా షేర్ల భాగంలో లక్ష దాటి నష్టం ఎరుపు అంకెల్లో కనిపిస్తోంది.

అప్పటి మనసు సంగతి దాచకుండా చెప్తాను. నెలకి 2 లక్షలు కొనే రోజు వస్తోందంటేనే చెయ్యి వెనక్కి లాగేది. జనవరి వాయిదా వారం రోజులు జరిపాను, ధర ఇంకా తగ్గుతుందేమోనని కాదు, కొనబుద్ధి కాలేదు. యాప్ తెరిస్తే మొత్తం ఎరుపు. మా ఆవిడ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ వినిపించింది. కానీ మూడు నెలలకోసారి 45 వేలు మాత్రం లిక్విడ్ నుంచి ఎప్పటిలా వచ్చాయి. మార్కెట్‌తో దానికి సంబంధం లేదు. ఇంటి ఖర్చు ఆగనంత కాలం ఆ ఎరుపు అంకెల్ని చూసీ చూడనట్టు ఉండటం నాకు సాధ్యమైంది. అదే డబ్బు కోసం ఆ ఎరుపులోనే యూనిట్లు అమ్మాల్సి ఉంటే తట్టుకునేవాణ్ని కాదు, అందులో అనుమానం లేదు. మార్చిలో చివరి వాయిదా కొన్నాను. ఏప్రిల్ 7న అమెరికా సుంకాల భయంతో నిఫ్టీ మళ్లీ ఒక్క రోజే 3 శాతం పైన పడితే ఆ రోజు మధ్యాహ్నం నిద్రపోయాను.

ఖర్చు కోసం యూనిట్లు అమ్మిన మొదటిసారి గురించి చెప్పాలి. 2024 సెప్టెంబరు 30, సోమవారం. 45 వేల విలువ లిక్విడ్ యూనిట్లు అమ్మాను. టీ+1 పద్ధతి (అమ్మిన మర్నాటి పనిదినానికి డబ్బు చేరడం) కాబట్టి మంగళవారానికి బ్రోకర్ ఖాతాలో డబ్బు చేరింది, బ్యాంకుకి పంపమని పెట్టాను, బుధవారం గాంధీ జయంతి, గురువారం బ్యాంకులో పడింది. ఒకటో తారీఖు కట్టాల్సినవి ఉన్నవాళ్లు నాలుగైదు రోజుల ముందే అమ్మేయడం మంచిది. అమ్మిన ప్రతిసారీ, డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు, డీపీ ఛార్జీ అని 15 నుంచి 20 రూపాయల దాకా పడుతుంది, ఒక యూనిట్ అమ్మినా వెయ్యి అమ్మినా అంతే. నెలనెలా కాక మూడు నెలలకోసారి అమ్మడానికి ఇది ఒక కారణం. రెండో కారణం రిటర్ను, అది కింద చెప్తాను. మ్యూచువల్ ఫండ్‌లో ఉన్నట్టు ప్రతి నెలా దానంతట అదే అమ్మి డబ్బు పంపే ఏర్పాటు ఈటీఎఫ్‌కి ఉండదు, తారీఖు మనమే గుర్తు పెట్టుకోవాలి. నాకు ఏదైనా అయితే ఎలా అని, ఎక్కడ ఏముంది, ఎలా అమ్మాలి అన్నది రెండు పేజీల్లో రాసి మా ఆవిడకి ఇచ్చాను. జూన్ నాటి అమ్మకం తనే చేసింది, నేను పక్కన కూర్చున్నాను. "ఇంతేనా?" అంది.

2025లో ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకి తను అప్పిచ్చే వడ్డీ రేటు) ఫిబ్రవరిలో పావు, ఏప్రిల్‌లో పావు, జూన్‌లో అర శాతం తగ్గించింది, 6.5 నుంచి 5.5కి. లిక్విడ్ మీద వచ్చేది వెంటనే తగ్గింది. భారత్ బాండ్ యూనిట్ల ధర మాత్రం పెరిగింది, 2033ది 2030 దానికంటే ఎక్కువ. ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. అన్నీ ఒకే దిక్కుకి కదలకపోవడం ఆ కొన్ని నెలల్లో కళ్లారా చూశాను.

రిటర్ను వేసేటప్పుడు కొంచెం తల బొప్పి కట్టింది. షేర్లు కొనడానికి ప్రతి నెలా లిక్విడ్ అమ్మాను కదా, ఒక్కో అమ్మకమూ ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరుండే మన లావాదేవీల పట్టిక) విడిగా కనిపిస్తుంది, చూస్తే నేనేదో పెద్ద వ్యాపారిలా ఉంది. లాభం చూస్తే కొన్ని వేలే. గ్రోత్ లిక్విడ్ ఈటీఎఫ్ లాభం ఎన్నాళ్లు ఉంచినా స్వల్పకాలికమే, స్లాబు పన్ను, కాబట్టి తేలికైన ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వెయ్యాలి. ఆడిటర్ 2,500 తీసుకున్నాడు. బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ రిపోర్టు దించుకుని వెళ్తే ఆయన పని గంటలో అయిపోయింది. ఆ ఏడాది గడువు సెప్టెంబరు 15 దాకా పెంచారు కాబట్టి హడావిడి పడలేదు.

2025 అక్టోబరు వచ్చేసరికి అందరి నోటా వెండి మాటే. నా పాత సహోద్యోగి ఫోన్ చేసి "ఒరేయ్, వెండి ఈటీఎఫ్ కొన్నావా లేదా" అని. చూస్తే ధర ఐఎన్‌ఏవీ కంటే 10 శాతానికి పైన నడుస్తోంది. సరుకు దొరక్క కొన్ని ఫండ్ సంస్థలు వెండి ఫండ్లలోకి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడమే ఆపేశాయి. నాస్‌డాక్ దగ్గర నేర్చుకున్నది అక్కరకొచ్చింది, వాడికి ఐఎన్‌ఏవీ పేజీ లింకు పంపాను. నెలాఖరు లోపు ఆ అదనపు ధరా పోయింది, వెండీ పడింది. వాడు కొన్నాడో లేదో అడగలేదు.

నా దగ్గర అప్పటికి బంగారం 6 లక్షలది 10 లక్షలు దాటింది. మొత్తంలో 15 శాతం ఉండాల్సింది 20 దాటింది. పెరుగుతున్నదాన్ని అమ్మడం పడుతున్నదాన్ని కొనడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది, వేలు మీట మీద పెట్టి ఎంతసేపు కూర్చున్నానో. పన్ను లెక్క చూస్తే, 2025 ఏప్రిల్ నుంచి అమ్మే బంగారం ఈటీఎఫ్‌లకి 12 నెలలు దాటితే 12.5 శాతం, షేర్లకి ఉన్న లక్షా పాతిక వేల మినహాయింపు దీనికి లేదు. డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు అమ్ముడైనట్టు లెక్క, కాబట్టి వెళ్లేవి జూలై 2024 యూనిట్లు, ఏడాది దాటినవే. అక్టోబరు 15న రెండున్నర లక్షల విలువ అమ్మాను. ఆ తర్వాత రెండు రోజులు ఇంకా పెరిగింది, మరుసటి వారం గట్టిగా పడింది, రెండూ చూశాను.

ఆ డబ్బులో పన్నుకి 15 వేలు పక్కన పెట్టి మిగతాది లిక్విడ్‌లో వేశాను. అప్పటిదాకా వాడుకున్నది దాదాపు నిండింది, ఇంకో రెండేళ్ల ఖర్చుకి షేర్ల జోలికి, బాండ్ల జోలికి వెళ్లక్కర్లేదు. అడ్వాన్స్ ట్యాక్స్ డిసెంబరు 15 లోపు కట్టాలని ఆడిటర్ గుర్తు చేశాడు.